కొటేషన్ ఇచ్చిన తరువాత

చిన్న పనిశాలలు నడుపుకొనేవారి ఇబ్బందులు చర్చకు వచ్చినప్పుడు మనం సాధారణంగా బ్యాంకు అప్పు, కరెంటు చార్జీలు, జి.ఎస్.టి., ముడిసరకు ధరల వద్ద ఆగిపోతాం. ఇవన్నీ నిజమైన సమస్యలే. అయితే వైరింగు, ప్లంబింగు, వెల్డింగు, వడ్రంగం, రంగుల పని, మోటారు రివైండింగు వంటి వృత్తులలో ఉన్నవారి రాబడిని, వారితో కలిసి పనిచేసే సహాయకుల కూలిని నిర్ణయించే ఘట్టం మరొకటి ఉన్నది. కొటేషన్ ఇచ్చిన నాటికి, పని ఖాయమైన నాటికి నడుమ గడిచే కొద్దిరోజులే ఆ ఘట్టం. ఆ రోజులలో ఎవరు ఎవరిని ఏమని అడిగారు, ఏమి ఒప్పుకొన్నారు అన్నదానిపై మన సంఘాల సమావేశాలలో ఇంతవరకు తగినంత దృష్టి పడలేదు.

ఇది వ్యాపారుల విషయం కదా, కార్మిక సంఘానికి ఇందులో పనేమిటి అని కొందరు సోదరులు ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్న కొత్తది కాదు. 1972లో అహ్మదాబాదులో స్వయం ఉపాధి మహిళల సంఘమైన ‘సేవ’ రిజిస్ట్రేషన్ కోరినప్పుడు, యజమాని ఎవరో తెలియనివారికి ట్రేడ్ యూనియన్ ఎట్లా ఉంటుందన్న అభ్యంతరమే ఎదురైంది. ఐక్యంగా నిలవడానికి ఎదుట ఒక యజమాని ఉండి తీరాలన్న నియమం లేదని ఇలా భట్ వాదించి ఆ రిజిస్ట్రేషన్ సాధించారు. బాలానగర్‌లో ఒకే లేతు మిషనుతో షెడ్డు నడుపుతున్న మనిషి కాగితం మీద యజమాని. కానీ పగలల్లా ఆ మిషను ముందు నిలబడేది అతడే. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, కోయంబత్తూరు పంపుసెట్ల షెడ్లలోనైనా, లూధియానా సైకిలు విడిభాగాల గల్లీలలోనైనా పరిస్థితి ఇంతే. అతడు ధర తగ్గించుకొన్ననాడు ఆ తగ్గింపు అతనితో ఆగదు, పక్కన పనిచేసే కుర్రవాడి కూలి వరకు దిగుతుంది. కనుక ఇది మన విషయమే.

ముందుగా కొటేషన్ అనే ఆ కాగితం వెనుక ఎంత శ్రమ ఉన్నదో చూద్దాం. ఒక ఇంటి వైరింగుకు అంచనా వేయాలంటే స్థలానికి వెళ్లి గది గదికీ పాయింట్లు లెక్కించాలి, పైపు ఎక్కడినుంచి దిగుతుందో చూడాలి, దుకాణానికి పోయి ఆనాటి వైరు ధర కనుక్కోవాలి, రాత్రి కూర్చుని వ్రాయాలి. తక్కువలో తక్కువ పూట పని. దానికి ఎవ్వరూ పైసా ఇవ్వరు. ఇచ్చిన కొటేషన్లలో కొన్నే పనులుగా మారతాయి గనుక, రాని పనులకు పెట్టిన శ్రమ కూడా వచ్చిన పనుల మీదనే పడుతుంది. ఇంత చేసిన తరువాత చాలామంది ఆ కాగితాన్ని మరచిపోతారు. కావలసినవాడు తానే పిలుస్తాడులే అనుకొంటారు. మళ్లీ అడిగితే పనిలేక తిరుగుతున్నాడనుకొంటారేమోనన్న సంకోచం, వెంటపడితే చులకనవుతామన్న అభిమానం కొందరిది. మంచి పనివాడికే ఈ అభిమానం ఎక్కువ. అందుచేత మంచి పనివాడు ఇంట్లో కూర్చోవడం, ఫోను చేయడంలో ఆరితేరిన మధ్యదళారి ఆ పనిని పట్టుకొని అదే పనివాడికి సగం కూలికి అప్పగించడం ప్రతి పట్టణంలోనూ కనిపిస్తున్నది.

సంకోచానికి కారణం లేకపోలేదు. మళ్లీ పలకరించినప్పుడే అవతలివాడు ధర తగ్గించమంటాడు. అడగకపోతే పని పోతుంది, అడిగితే ధర పోతుంది అని ఒక వెల్డింగు కార్మికుడు మాతో అన్న మాటలో చాలా నిజమున్నది. ఈ చిక్కుముడి ఎక్కడ పడుతున్నదో ఒక లెక్కతో పరిశీలిద్దాం. ఉదాహరణకు ఒక వైరింగు పనికి మొత్తం 1,20,000 రూపాయలని కొటేషన్ ఇచ్చారనుకొందాం. అందులో సామాను 78,000, కూలి 36,000, రాకపోకలు, పనిముట్ల అరుగుదల, మిగులు కలిపి 6,000. నాలుగురోజుల తరువాత ఫోను చేస్తే, పది శాతం తగ్గించు, రేపే మొదలుపెట్టు అంటాడు ఇంటియజమాని. పది శాతమంటే 12,000. వినడానికి అది మొత్తం మీద పదో వంతు. కాని వైరు దుకాణంవాడు తన 78,000లో ఒక్క రూపాయి తగ్గించడు. తగ్గింపు అంతా మిగిలిన 42,000 నుంచే రావాలి. మేస్త్రీ తన 6,000 పూర్తిగా వదులుకొన్నా ఇంకా 6,000 తక్కువ. ఆ తక్కువ కూలిలోనుంచి పోతుంది. అనగా ఒక్క ఫోను సంభాషణలో ఆ జట్టు కూలి ఆరో వంతు కోసుకుపోయింది. ఫ్యాక్టరీలో ఏ యాజమాన్యమైనా ఒక్కరోజున వేతనంలో ఆరో వంతు కోస్తే మనం గేటు ముందు నిలబడతాం. ఇక్కడ గేటు లేదు, నోటీసు లేదు, కోసినట్లు కూడా ఎవరికీ తెలియదు.

కనుక కొటేషన్‌లో సామాను, కూలి విడివిడిగా చూపడం మొదటి రక్షణ. మొత్తం ఒకే అంకెగా వ్రాసి ఇచ్చినవాడు తగ్గింపు అడిగినప్పుడు దేనిలోనుంచి తగ్గిస్తున్నాడో తనకే తెలియదు. విడగొట్టి వ్రాసినవాడు, “అయ్యా, పాయింట్లు తగ్గిద్దామా, ఫ్యాన్సీ స్విచ్చులకు బదులు మామూలువి వేద్దామా, సామాను మీరే తెచ్చుకొంటారా?” అని అడగగలుగుతాడు. పని తగ్గితే ధర తగ్గుతుంది, పని అంతే ఉంటే ధర అంతే ఉంటుంది. ఈ ఒక్క మాట మీద నిలబడగలిగితే మళ్లీ ఫోను చేయడానికి భయపడవలసిన అవసరం లేదు.

రెండవది గడువు. ఈ ధర ఎన్నిరోజులు చెల్లుతుందో వ్రాయని కొటేషన్లు మన చేతికి కోకొల్లలుగా వస్తున్నవి. 2020 మార్చిలో లండన్ లోహ విపణిలో రాగి ధర టన్నుకు 5,000 డాలర్ల లోపునకు పడిపోయింది. 2021 మే నాటికి అదే రాగి 10,000 డాలర్లు దాటింది. ఆ మధ్యకాలంలో గడువులేని పాత కొటేషన్‌ను పట్టుకొని, మాట ఇచ్చావు కదా అని నిలదీసిన గృహస్థులూ ఉన్నారు, మాట పోకూడదని చేతి డబ్బు పెట్టి వైరు కొన్న మేస్త్రీలూ ఉన్నారు. మాట నిలుపుకోవడం గొప్పదే, కాని చట్టం కూడా అంతదూరం కోరలేదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 5వ సెక్షను ప్రకారం, అవతలివాడు అంగీకారం తెలియజేయకముందు ప్రతిపాదనను వెనుకకు తీసుకోవచ్చు. 6వ సెక్షను ప్రకారం, ప్రతిపాదనలో గడువు చెప్పి ఉంటే ఆ గడువు దాటగానే అది చెల్లకుండా పోతుంది. చెప్పకపోతే “సమంజసమైన కాలం” గడిచిన తరువాత పోతుంది. ఏది సమంజసమో తేల్చుకోవడానికి కోర్టుకు వెళ్లే ఓపిక రంగుల పనివాడికి ఎక్కడిది? పదిహేను రోజులని ఒక పంక్తి వ్రాస్తే ఆ జంజాటమే ఉండదు. పైగా ఆ పంక్తి మళ్లీ పలకరించడానికి గౌరవప్రదమైన కారణం కూడా అవుతుంది. గడువు ఎల్లుండితో ముగుస్తున్నది, తరువాత వైరు ధర మళ్లీ చూడవలసి ఉంటుంది అని తెలియజేసేవాడు ఎవరినీ దేబిరించడం లేదు.

పలకరింపు ఎట్లా ఉండాలన్నది అనుభవం మీద తెలిసే సంగతి. కాగితం ఇచ్చిన మూడు నాలుగు రోజులకు ఒకసారి, గడువుకు రెండురోజుల ముందు ఒకసారి. మామూలు ఇంటి పనికి ఇంతకు మించి అక్కరలేదు. “ఏమైందండీ మన సంగతి?” అని అడిగితే “చూద్దాం” అన్న జవాబే వస్తుంది. శ్లాబు ఎప్పుడు పడుతున్నది, కొలతలలో మార్పు ఉన్నదా, వంటగదిలో పాయింట్లు పెంచమన్నారు కదా అవి కలపాలా అని పని గురించి అడిగితే మాట సాగుతుంది. ఫోనులో చెప్పినదానిని ఆ సాయంత్రమే వాట్సాప్‌లో రెండు ముక్కలు వ్రాసి పంపాలి. రేపు తగాదా వస్తే నోటిమాటకు సాక్ష్యం ఉండదు. పని తమకు రాదని చెప్పినవారిని కారణం అడిగి తెలుసుకోవాలి. ధర ఎక్కువైందా, ఆలస్యమైందా, బంధువుకు ఇచ్చుకొన్నారా అన్నది తెలిస్తే తరువాతి కొటేషన్‌కు పనికివస్తుంది.

అన్ని మౌనాలూ ఒకటి కావు. సంస్థలలో, కళాశాలలలో మూడు కొటేషన్లు ఉండాలన్న నియమం ఉన్నది. పని ఎవరికన్నది ముందే తేలిపోయి, మిగతా రెండు కాగితాల కోసం మాత్రమే మనవాళ్లను పిలిచే సందర్భాలు కొల్లలు. కొన్నిచోట్ల ఖాళీ లెటర్‌హెడ్ మీద సంతకం చేసి ఇవ్వమని స్నేహితులే అడుగుతారు. ఈ అలవాటును మనం గట్టిగా వ్యతిరేకించాలి. ఇవాళ మొహమాటానికి ఇచ్చిన ఖాళీ కాగితం రేపు ఆడిట్‌లో మన పేరుతోనే నిలబడుతుంది. పైగా నిజాయితీగా కొలతలు తీసి ధర వ్రాసిన తోటి పనివాడి పూట శ్రమను అది వ్యర్థం చేస్తుంది. స్థలం చూపించకుండా, కొలతలు చెప్పకుండా, రేపటికల్లా కాగితం కావాలని తొందరపెట్టేవాడు ఎందుకు అడుగుతున్నాడో మొదటి పలకరింపులోనే అర్థమవుతుంది. అటువంటిచోట రెండవ ఫోను అనవసరం.

పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసి ఇచ్చే షెడ్లది మరొక తీరు. అక్కడ కొటేషన్‌కు జవాబుగా పర్చేజ్ ఆర్డరు వస్తుంది. ధర మనం వ్రాసినదే ఉంటుంది, కాని వెనుకవైపు సన్నని అక్షరాలలో చెల్లింపు తొంభై రోజులకని ఉంటుంది. ఆర్డరు వచ్చిందన్న సంతోషంలో ఎవ్వరూ కాగితం తిప్పి చూడరు. కాంట్రాక్టు చట్టం 7వ సెక్షను ప్రకారం అంగీకారం షరతులు లేనిదై ఉండాలి. కొత్త షరతు కలిపితే అది అంగీకారం కాదు, మరొక ప్రతిపాదన. దానికి జవాబు చెప్పకుండా మిషను ఆడిస్తే ఆ షరతును ఒప్పుకొన్నట్లే వాదిస్తారు. ఇటువంటి చోట మనకు 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ.డి. చట్టం అండగా ఉన్నది. వ్రాతపూర్వకంగా ఎంత గడువు ఒప్పుకొన్నా, సూక్ష్మ, చిన్న సంస్థలకు సరకు స్వీకరించిన 45 రోజులలో చెల్లించి తీరాలని 15వ సెక్షను చెబుతున్నది. ఒప్పందమే లేకపోతే గడువు 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో ఇవ్వాలి. పని ఒప్పుకోకముందే ఉద్యమ్ నమోదు చేయించుకొని, ఆ సంఖ్యను కొటేషన్ మీదనే వ్రాసినవారికి వివాదం వచ్చినప్పుడు ఫెసిలిటేషన్ కౌన్సిలు ముందు నిలబడటం సులభం. ఈ చట్టం వచ్చి ఇన్నేళ్లయినా, పెద్ద కొనుగోలుదారు మీద ఫిర్యాదు చేస్తే తరువాతి ఆర్డరు రాదన్న భయంతో నోరు మెదపనివారే ఎక్కువ. ఒంటరిగా ఉన్నంతకాలం ఆ భయం నిరాధారమైనది కాదు.

ఇక్కడనే సంఘం పని మొదలవుతుంది. అందరూ ఒకే ధర చెప్పండని మేము అనడం లేదు. పోటీపడే వ్యాపారాలు ధరల మీద కూడబలుక్కోవడాన్ని 2002 నాటి కాంపిటీషన్ చట్టం 3వ సెక్షను నిషేధిస్తున్నది. కాని సహాయకుడి రోజుకూలి ఇంతకు తగ్గకూడదని బేరమాడి నిర్ణయించుకోవడం వేతన బేరసారం, అది సంఘం జన్మహక్కు. ఆ కూలి ఖాయమై ఉన్నచోట, ఫోనులో తగ్గించమన్నప్పుడు “కూలి నా చేతిలో లేదు, సంఘంలో తేలింది” అని మేస్త్రీ చెప్పగలుగుతాడు. జిల్లా శాఖలు ఇంకొక పని కూడా చేయవచ్చు. సామాను, కూలి, గడువు, చెల్లింపు విధానం విడివిడిగా ఉండే ఒక తెలుగు కొటేషన్ నమూనాను అచ్చువేయించి పంచవచ్చు. వారంలో ఒక సాయంత్రం కార్యాలయంలో చదువుకొన్న కార్యకర్త ఎవరైనా కూర్చుని, పర్చేజ్ ఆర్డరు వెనుకవైపు ఏమున్నదో చదివి వినిపించవచ్చు. ఫిర్యాదులను వ్యక్తిగా కాక, శాఖ తరఫున పదిమందివి కలిపి నడిపించవచ్చు.

ప్రతి షెడ్డులోనూ ఒక నోటుపుస్తకం ఉండాలి. కొటేషన్ ఇచ్చిన తేదీ, స్థలం, మొత్తం, ఆనాటి సామాను ధర, గడువు, మొదటి పలకరింపు, రెండవ పలకరింపు, చివరకు ఏమైనది. ఈ గడులు చాలామంది వేసుకొంటారు. మేము మరొక గడిని చేర్చమని కోరుతున్నాము. ఫలానా పని వస్తుంది, సోమవారం నుంచి రండి అని సహాయకులకు చెబుతాం. పని ఖాయం కాక ఆ సోమవారం దాటిపోతుంది. వాళ్లు ఆ ఆశతో మరొకచోటికి పోకుండా, అడ్డా మీద నిలబడకుండా రెండు రోజుల కూలి పోగొట్టుకొంటారు. కొనుగోలుదారు మనల్ని వేచి ఉంచినట్లే మనం వారిని వేచి ఉంచుతున్నాం. ఆ చివరి గడిలో కుర్రవాళ్లకు చెప్పిన తేదీ, పని రాలేదని వారికి కబురు చేసిన తేదీ వ్రాయాలి.