రెండు శిబిరాల నడుమ మన సెప్టెంబరు

ప్రతి సంవత్సరం సెప్టెంబరు 17 సమీపించేసరికి తెలంగాణలో పేర్ల వివాదం మొదలవుతుంది. కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి ఆ రోజును 'హైదరాబాద్ విమోచన దినం'గా జరుపుతున్నది. అదే సంవత్సరం అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 'జాతీయ సమైక్యతా దినం' అన్నది. 2024లో తరువాతి ప్రభుత్వం 'ప్రజాపాలన దినోత్సవం' అన్నది. కమ్యూనిస్టు పార్టీలు సాయుధ పోరాట వారోత్సవాలు నిర్వహిస్తాయి. ఇన్ని పేర్ల మధ్య ముస్లిం కుటుంబాలు అనుభవించినదానికి మాత్రం ఏ వేదిక మీదా చోటు లేదు. లక్సెట్టిపేట నుంచి ఆసిఫాబాద్ వరకు, కరీంనగర్ నుంచి జగిత్యాల వరకు మన ఇళ్లలో ఆ కాలపు మాట వస్తే పెద్దలు గొంతు తగ్గించి మాట్లాడడం నేటికీ ఉంది. ఆ నిశ్శబ్దాన్ని ఇక కొనసాగించకూడదని మా అభిప్రాయం.

1948 నాటి హైదరాబాదును నిజాముకూ భారత ప్రభుత్వానికీ మధ్య తగాదాగా, లేదా హిందూ ముస్లిం ఘర్షణగా మాత్రమే చూడడం అలవాటైపోయింది. అది ప్రపంచం రెండు శిబిరాలుగా చీలిపోతున్న సంవత్సరం అన్న సంగతి మరుగున పడింది. 1947 మార్చిలో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ కమ్యూనిజాన్ని అడ్డుకోవడమే తన దేశ విధానమని ప్రకటించాడు. అదే ఏడాది సెప్టెంబరులో సోవియట్ నాయకుడు జ్దానొవ్ ప్రపంచం సామ్రాజ్యవాద శిబిరం, ప్రజాస్వామ్య శిబిరం అని రెండుగా చీలిందన్నాడు. 1948 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కలకత్తాలో జరిగిన భారత కమ్యూనిస్టు పార్టీ మహాసభ ఆ మాటనే తన బాటగా చేసుకున్నది. పి.సి. జోషి స్థానంలో బి.టి. రణదివే ప్రధాన కార్యదర్శి అయ్యాడు.

అప్పటికే తెలంగాణ పల్లెల్లో వెట్టిచాకిరీకీ, దేశ్‌ముఖుల దోపిడికీ వ్యతిరేకంగా సంఘం లేచి నిలబడింది. ఆ రైతుకు తెలిసిన ప్రశ్నలు భూమి, గింజ, గౌరవం. మాస్కో, వాషింగ్టన్ ఆ ప్రశ్నలను తమ లెక్కల్లో వేసుకున్నాయి.

1948 మే నెలలో నిజాం ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీపై నిషేధాన్ని ఎత్తివేసింది. రజాకార్లూ కమ్యూనిస్టులూ చేతులు కలిపారని భారత ప్రభుత్వం ఆరోపించింది. అప్పుడు రజాకార్లు పల్లెల్లో సంఘం వాళ్లను వేటాడుతున్నారు. ఆ సంవత్సరం మార్చి 14న నిజాం పోలీసులు హుస్నాబాద్ సమీపంలోని మహమ్మదాపూర్ గుట్టల్లో అనభేరి ప్రభాకర్‌రావును, ఆయన సహచరులను కాల్చి చంపారు. కరీంనగర్ ప్రాంతపు ఆ రక్తానికి ఢిల్లీ ఆరోపణలో చోటు దొరకలేదు.

ఆగస్టులో నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. భారత సైన్యం సెప్టెంబరు 13న సరిహద్దు దాటింది. 16న పారిస్‌లో సమావేశమైన భద్రతా మండలి హైదరాబాదు ప్రశ్నను చర్చకు స్వీకరించింది. ఎనిమిది దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి. సోవియట్ యూనియన్, ఉక్రెయిన్, చైనా తటస్థంగా ఉండిపోయాయి. మరునాడు నిజాం లొంగిపోయాడు. కొద్ది రోజులకే ఫిర్యాదును ఉపసంహరించుకుంటున్నట్లు తెలియజేశాడు. లక్షల మంది ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న అక్కడ చేతులు ఎత్తే లెక్కగా ముగిసింది. ఏ పెద్ద రాజ్యమూ వచ్చి ఇక్కడి ముస్లింను గానీ, ఇక్కడి రైతును గానీ కాపాడలేదు.

తరువాత జరిగినదాన్ని భారత ప్రభుత్వం పంపిన బృందమే నమోదు చేసింది. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో సంస్థానంలోని తొమ్మిది జిల్లాలు తిరిగారు. పోలీసు చర్య సమయంలోనూ ఆ తరువాతా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయి ఉంటారని వారి అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో నష్టం అన్నిటికంటె ఎక్కువ. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజలకు అందకుండా ఉండిపోయింది. రజాకార్ల దౌర్జన్యాలను కూడా ఆ బృందం దాచలేదు. పొరుగువారి ప్రాణాలు కాపాడిన హిందువుల సంగతి కూడా అందులో ఉంది.

అదే సైన్యం ఆ వెంటనే కమ్యూనిస్టుల వైపు తిరిగింది. దళాలు గోదావరి అడవుల్లోకి, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లోకి తరలిపోయాయి. ఆ పోరాటంలో దాదాపు 4 వేల మంది కమ్యూనిస్టులు, రైతులు చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. పోరాటం సాగాలా, ఆగాలా అన్న మాట మీద 1951 ఫిబ్రవరిలో పార్టీ నాయకులు మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. అక్టోబరులో పోరాట విరమణ ప్రకటన వెలువడింది. పల్లెలో తుపాకి పట్టినవాడి భవితవ్యం మీద వేల మైళ్ల దూరాన సలహా తీసుకోవలసి రావడం ఆ కాలపు విషాదం.

ఇందులో ముస్లింలు ఏ పక్షాన ఉన్నారన్న ప్రశ్న నేడు నిందగా వినిపిస్తుంది. సమాధానం సూటిగా చెప్పుకుందాం. కాసిం రజ్వీ వెంట నడిచినవారు ఉన్నారు. వారు చేసిన హత్యలు, దహనాలు నిజం. వాటిని సమర్థించే హక్కు మనకు లేదు. అయితే 1940లో విసునూరు దేశ్‌ముఖును న్యాయస్థానంలో ఎదిరించి హతుడైన షేక్ బందగీ కూడా ముస్లిమే. రజాకార్లను తన పత్రికలో విమర్శించినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా ముస్లిమే. కార్మికులను కూడగట్టి, అజ్ఞాతవాసం, జైలు చూసి, 1952లో హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు ఎన్నికైన మఖ్దూం మొహియుద్దీన్ కూడా ముస్లిమే. ప్రధాని లాయక్ అలీ 1950లో, రజ్వీ 1957లో పాకిస్తాన్ చేరుకున్నారు. దర్జీలు, దూదేకులవారు, బండి తోలేవారు, కౌలు రైతులు ఇక్కడే ఉండిపోయారు. వెళ్లిపోయినవారి లెక్క నేటికీ ఉన్నవారి పేరనే రాస్తున్నారు.

ఈ అనుభవం మన ఒక్కరిది కాదు. 1953లో ఇరాన్‌లో ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వాన్ని అమెరికా, బ్రిటన్ కలిసి కూలదోయించాయి. 1965-66లో ఇండోనేషియాలో కమ్యూనిస్టుల పేరిట లక్షల మంది హతమయ్యారు. ముస్లింలు అధికంగా ఉన్న ఆ దేశంలో చంపినవారిలోనూ చనిపోయినవారిలోనూ ముస్లింలే ఎక్కువ. సోవియట్ పాలనలో మధ్య ఆసియా మస్జిదులు వేల సంఖ్యలో మూతపడ్డాయి. 1979 డిసెంబరులో సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లో దిగగా, దానిని ఎదిరించేవారికి అమెరికా ఆయుధాలు ఇచ్చింది. 1989లో సైన్యం వెళ్లిపోయాక ఆ శిథిలాలను పట్టించుకున్నవారు లేరు. ఒక శిబిరం 'మతాన్ని కాపాడతాం' అన్నది, మరొకటి 'పీడితులను విముక్తం చేస్తాం' అన్నది. రెండింటికీ ముస్లిం ఒక పావు.

అలాగని ఆ పోటీ వల్ల మనకు ఏమీ రాలేదని చెప్పడం కూడా సరి కాదు. గోదావరికి ఆవలి ఒడ్డున రామగుండంలో అమెరికా సాయంతో విద్యుత్ కేంద్రం వచ్చింది. హైదరాబాదులో సోవియట్ సాయంతో ఐడీపీఎల్ ఔషధ కర్మాగారం వచ్చింది. భారతదేశం ఏ శిబిరానికీ పూర్తిగా లొంగకుండా అలీన విధానం పాటించినందువల్లనే ఇద్దరి నుంచీ పొందగలిగింది. మైనారిటీ సమాజానికి కూడా ఇందులో పాఠం ఉంది.

మనలో కొందరు పాత గాయాలను కెలకవద్దంటారు. వారి భయం మాకు తెలుసు. కానీ మనం మాట్లాడకపోయినా ఇతరులు మాట్లాడుతూనే ఉన్నారు. 2024లో వచ్చిన 'రజాకార్' చిత్రం ఆ చరిత్రను ఒకే రంగులో చూపింది. మౌనంగా ఉంటే మన పిల్లలు తమ తాతల కథను ఆ తెర మీద నుంచే నేర్చుకుంటారు. మరికొందరు బయటి ముస్లిం రాజ్యాలో, ఏదో ఒక పెద్ద రాజ్యమో మనకు అండ అని ఆశపడతారు. నేడు అమెరికా, చైనాల మధ్య కొత్త పోటీ నడుస్తున్నది. ఉయ్ఘూర్ ముస్లింల బాధను ఎత్తిచూపే రాజ్యం గాజాకు వచ్చేసరికి ఆయుధాలు పంపుతుంది. గాజా కోసం గొంతెత్తే రాజ్యం ఉయ్ఘూర్ల ఊసెత్తనివ్వదు. ఎవరి అవసరం వారిది. 1948లో పారిస్‌లో తేలినదే నేడూ తేలుతున్నది.

మనకు నిలిచిన హక్కులు వేరే దారిన వచ్చాయి. వెనుకబడిన ముస్లిం వర్గాలకు 2007లో దక్కిన 4 శాతం రిజర్వేషన్ రాజ్యాంగం ఆధారంగా, ఇక్కడి ఉద్యమాల వల్ల, ఇతర వెనుకబడిన వర్గాల సహకారంతో వచ్చింది. దానిని న్యాయస్థానంలో కాపాడుకోవడం కూడా మన పనే.

కనుక ఈ సెప్టెంబరుకు మూడు పనులు సూచిస్తున్నాము. సుందర్‌లాల్ నివేదికను తెలుగులోనూ ఉర్దూలోనూ అధికారికంగా ప్రచురించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుదాం. ఊరూరా ఎనభై దాటిన పెద్దలు, హిందువులైనా ముస్లింలైనా, చూసినదీ తమ తల్లిదండ్రుల వద్ద విన్నదీ రాసిపెట్టుకుందాం; ఆలస్యం చేస్తే చెప్పేవారు మిగలరు. షోయబుల్లా ఖాన్, బందగీ, అనభేరి పేర్లను ఒకే సభలో తలచుకుందాం. ఆ సభకు రైతు సంఘాలను, సింగరేణి కార్మిక సంఘాలను, దళిత సంఘాలను పిలుద్దాం. లక్సెట్టిపేటలో అటువంటి సభ జరగడానికి పెద్ద మైదానం అక్కరలేదు, మస్జిదు పక్కన నాలుగు చాపలు చాలు. ముందుగా పిలుపు అందవలసింది పొరుగింటికి.