సంపద ఉన్నా నీడ కరువు

తలసరి ఆదాయంలో ఖతార్ ప్రపంచంలోనే ముందువరుస దేశం. సహజవాయువు పుణ్యమా అని అక్కడి పౌరులకు లోటనేది లేదు. అలాంటి దేశానికి సంస్కరణలెందుకని నిజామాబాద్‌లోనో కడపలోనో గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇంట్లో అడగండి, జవాబుకు తడుముకోరు. ఒప్పందం గడువు తీరకముందు, యజమాని అనుమతి పత్రం లేకుండా పని మారే హక్కు కార్మికుడికి 2020లో గానీ దక్కలేదు. వెయ్యి రియాళ్ల కనీస వేతనం అమలైంది 2021 మార్చిలో. వేసవిలో ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పని కూడదన్నదీ ఆ ఏడాదే. 2022 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు అక్కడ పెట్టకపోతే ఇవైనా జరిగేవా అన్నది మా అనుమానం.

ఆ ఎండ పూర్తిగా ప్రకృతి పాపమేమీ కాదు. తలసరి కర్బన ఉద్గారాల్లోనూ ఖతార్‌ది ముందువరుసే. తాగే నీరు సముద్రం నుంచి తీయాలి, అందుకు గ్యాసు మండించాలి. మిగిలిన చిక్కని ఉప్పునీరు తిరిగి ఆ సముద్రంలోకే. చల్లని గదుల కోసం రగిల్చిన మంట పరంజా మీద నిలబడ్డవాడి నెత్తిన పడుతోంది.

ఇళ్లలో పనిచేసే స్త్రీల మాటేమిటి? సాధారణ కార్మిక చట్టం వారికి వర్తించదు. 2017లో వేరే చట్టమైతే చేశారు. నాలుగు గోడల లోపల దాని అమలును చూసేదెవరు?