రంగు చూసి ట్రాన్స్‌ఫార్మరు ఆయిలు బేరమా?

నూనె అనగానే నెల్లూరు బజారుకు గుర్తుకు వచ్చేది పామోలీను. కృష్ణపట్నం రేవులో దిగే ఆ సరుకు పక్కన ట్రాన్స్‌ఫార్మరు ఆయిలు వ్యాపారం చాలా చిన్నది. అయినా వాడిన ఆయిలును వడపోసి, కొత్తదాని కంటే ధర తగ్గించి, బిల్లు లేకుండా చేతులు మార్చే పద్ధతిని వర్తకులు చిన్న విషయంగా తీసుకోరాదు.

ముడి చమురు నుంచి తీసే ఈ ఖనిజ తైలానికి పని రెండు విధాలు. చుట్టల మధ్య విద్యుత్తు దూకకుండా ఆపడం ఒకటి, లోపలి వేడిని టాంకు గోడలకు, రేడియేటరుకు చేర్చడం రెండవది. తీగలకు చుట్టిన కాగితం ఏళ్ళ తరబడి ఇందులోనే నానుతూ ఉంటుంది. ఆయిలు పాడైతే మార్చవచ్చు. కాగితం పాడైతే చుట్టలే విప్పాలి.

దీనికి ఐఎస్ 335 ప్రమాణం ఉన్నది. రెండున్నర మిల్లీమీటర్ల ఎడంలో పరీక్షిస్తే కొత్త ఆయిలు కనీసం 30 కిలోవోల్టులకు, తేమ తీసి వడపోసిన తర్వాత 70 కిలోవోల్టులకు తట్టుకోవాలి. పీపా సరుకులో నీరు పది లక్షల పాళ్ళకు 40 పాళ్ళు మించరాదు. వడ్లు చేతిలో నలిపి, గింజ కొరికి ధర చెప్పగల మన వర్తకులకు ఇక్కడ కన్నూ ముక్కూ పనికిరావు.

అసలు చిక్కు వడపోతలోనే ఉన్నది. మామూలు వడపోతతో మడ్డి, తేమ పోతాయి; సరుకు తేటగా కనబడుతుంది, బీడీవీ పరీక్షలో కూడా నెగ్గవచ్చు. కాని వాడకంలో పుట్టిన ఆమ్లం అందులోనే ఉండి కాగితాన్ని తింటుంది. కనుక బీడీవీ చీటీ ఒక్కటే చాలదు, ఆమ్లత్వం అంకె కూడా అడగాలి.

నష్టం ఎవరికి? ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల చెరువులు చూసినవారికి చెప్పనవసరం లేదు. చెరువు నీటిలో ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా తగ్గుతుంది. ఆ వేళ ట్రాన్స్‌ఫార్మరు కాలి ఏరేటర్లు ఆగితే, జనరేటరు లేని రైతు పంట గంటల్లో పోతుంది. పీపాకు మిగిలిన నాలుగు డబ్బులు ఆ లెక్కలో ఎక్కడా కనబడవు. ఆ రైతుకు మేత అరువిచ్చిన దుకాణం, సరుకు కోసం అడ్వాన్సు ఇచ్చిన ఏజెంటు కూడా మన బజారువారే.

చట్టం సంగతి మరొకటి. 2016 నిబంధనల ప్రకారం వాడిన నూనె అనుమతి పొందిన రీసైక్లరుకే వెళ్ళాలి. పాత ట్రాన్స్‌ఫార్మర్లలో ఉండగల పీసీబీ అనే విష రసాయనం వాడకాన్ని 2025 డిసెంబరు 31 తర్వాత పూర్తిగా నిషేధిస్తూ అదే సంవత్సరం కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి, ఆయిలు ఎత్తుకుపోయే దొంగలు ఉండనే ఉన్నారు. ఎక్కడిదో తెలియని పీపా గొడౌనులో ఉంటే జవాబు చెప్పవలసింది గొడౌను యజమానే.

ఒక్క పీపా కొనేవారికి పరీక్ష ఖర్చు భారమే, కాదనలేము. అందుకే ఆ భారం టోకున తెచ్చేవారిదే కావాలి. బ్యాచి నంబరు, పరీక్ష పత్రం, సీలు వేసిన నమూనా సీసా లేనిదే బ్రోకర్లు బేరం కుదర్చకూడదని మా అభిప్రాయం. ఈ మూడూ ఇవ్వగల సరుకుకు ధర కొంత ఎక్కువ పెట్టడం న్యాయమే.

మంచి సరుకు కొన్నవారూ నిల్వలో చెడగొట్టుకోవడం కద్దు. పీపాను ఆరుబయట నిలబెడితే మూత మీద వాన నీరు నిలుస్తుంది. పగలు వేడెక్కి రాత్రి చల్లబడినప్పుడు పీపా ఆ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. నీడన అడ్డంగా పడుకోబెట్టి, రెండు మూతలూ ఒకే మట్టాన, లోపలి ఆయిలు మట్టానికి దిగువన ఉండేట్లు చూడాలి. అక్టోబరు వానలకు ముందే ఈ పని చేసుకోవడం మేలు.