తాతగారి ఇంటికి రంగు వేయించే ముందు



గుడివాడ, పామర్రు, ఉయ్యూరు వైపు సొంత ఊళ్లో పాత మండువా ఇల్లు ఉన్నవాళ్లు మనలో చాలామందే. పిల్లలు పుట్టాక రెండే ఆలోచనలు వస్తాయి: పడగొట్టి డాబా వేద్దామా, గబగబా రంగులు వేయించి సెలవులకు వెళ్దామా? ఇల్లు పడగొట్టకండి. అలాగని రంగుతోనూ మొదలుపెట్టకండి.

ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు తలుపులకు, కిటికీ ఊచలకు వేసిన ఎనామిల్ పొరల్లో సీసం ఎక్కువగా ఉండవచ్చు. గరుకు కాగితంతో పొడిగా రుద్దితే ఆ దుమ్ము నేలమీద పడి, పాకే పిల్లల చేతుల్లోంచి నోట్లోకి పోతుంది. సీసం ఎంత తక్కువైనా సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అది ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. తర్వాత మనం ఎన్ని ఫీజులు కట్టినా ఆ నష్టం పూడదు.

అందుకే పెచ్చులు ఊడే రంగును తడిపి గీకించండి. పని పూర్తై, నేలంతా తడిగుడ్డతో తుడిచేదాకా పిల్లల్ని, గర్భిణులను అక్కడికి తీసుకెళ్లకండి. బావికి ఇనుప జాలీ, సంపుకు తాళం వేసే మూత పెట్టించండి. పాత వైరింగు మార్పించి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించమనండి.

అరుగును, మండువాను మాత్రం అలాగే ఉంచండి. ఎండావానా ఇంట్లోకే వచ్చే చోటు ఏ అపార్టుమెంటులోనూ దొరకదు. తొలి అడుగులకు అరిసెలు పంచడానికి అంతకన్నా మంచి చోటేది?