చవగ్గా పోయిన సోఫా

నెలాఖరు వచ్చిందంటే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫిర్యాదు తప్పకుండా కనపడుతుంది. "పాత సోఫా, రెండు పరుపులు తీసుకెళ్ళడానికి 3,000 అడుగుతున్నాడు. దోచుకుంటున్నారు. తక్కువకి వచ్చేవాళ్ళుంటే నంబర్ పెట్టండి." కింద వరసగా నంబర్లు పడతాయి. 1,500కి వచ్చేవాడు దొరుకుతాడు. అందరూ బొటనవేలు బొమ్మ నొక్కుతారు. కథ కంచికి, సోఫా ఎక్కడికో.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. 3,000 దోపిడీ కాదు. దోపిడీ అంటూ ఉంటే అది ఆ 1,500లోనే ఉంది. చేస్తున్నది ట్రాలీ ఆటో అతను కాదు, మనం.

ఈ మాటకి కోపం వస్తుందని తెలుసు. ముందు లెక్క చూద్దాం, తర్వాత తిట్టుకుందాం.

హైదరాబాద్‌లో మన గుమ్మం దగ్గరికి వచ్చే తుక్కు వ్యాపారాలు రెండు. ఈ రెండిటినీ ఒకటే అనుకోవడం దగ్గరే తికమక మొదలవుతుంది. మొదటిది కబాడీ. రికార్డు చేసిన గొంతుతో "పాత పేపర్లు, పాత ఇనప సామాన్లు కొంటాం" అని గల్లీల్లో తిరిగే బండి. ఇతను మనకి డబ్బులిస్తాడు. కాగితం, అట్టపెట్టెలు, ఇనుము, రాగి, దేని రేటు దానిదే, అన్నీ కిలోల్లోనే. రెండోది మనం ఫోన్ చేసి, డబ్బులిచ్చి పిలిపించుకునేది. ఇతని దగ్గర తూకం ఉండదు. ఇతను చోటు లెక్కేస్తాడు. సోఫా బరువు ఎంతయినా కానీ, ట్రాలీలో సగం తినేస్తే సగం బండి కిరాయి దానిదే. అమెరికాలో కూడా ఈ వ్యాపారం ఇలాగే నడుస్తుంది. ట్రక్కులో ఎన్నో వంతు నిండిందనేదే అక్కడి ధర.

చిన్నప్పటి నుంచీ మొదటి బండినే చూసి పెరిగాం కాబట్టి, పాత సామాను అంటే ఎంతో కొంత చేతికి రావాలనే నమ్మకం మనలో ఉండిపోయింది. "సోఫా నాదే, డబ్బులూ నేనే ఇవ్వాలా?" అనే ప్రశ్న అందులోంచే వస్తుంది.

జవాబు ఆ సోఫాలోనే ఉంది. మన తాతల ఇంట్లో మంచం విరిగితే, ఆ కర్ర పీట అయ్యేది, పీట విరిగితే నీళ్ళ కాగు కిందకి పోయేది, ఇంకా ఏమైనా మిగిలితే భోగి మంటలోకి. వస్తువు చచ్చిపోయాక కూడా దానికో పని ఉండేది. ఇప్పటి సోఫాలో ఉన్నదేంటి? నీళ్ళు తగిలి ఉబ్బిపోయిన పార్టికల్ బోర్డు, దానికి వందల పిన్నులతో కొట్టిన రెక్సిన్, లోపల పాలీయురెథేన్ స్పాంజి. ఆ బోర్డుతో ఇంకో వస్తువు చెయ్యలేం. ఆ స్పాంజిని భోగిలో వేస్తే కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా వస్తుంది. అందులో కబాడీకి పనికొచ్చేది ఏమైనా ఉంటే నాలుగు ఇనప స్ప్రింగులు, అవి ఊడదీసే కూలి కూడా వాటిమీద గిట్టదు. అంటే ఆ వస్తువు విలువ సున్నా కూడా కాదు, సున్నాకి కిందే. ఎవరైనా దాన్ని తీసుకోవాలంటే మనం ఎదురు డబ్బివ్వాలి. ఈ నిజం మనకి షోరూంలో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ధర సంగతి. తుక్కు తీసుకెళ్ళే సర్వీసు చెప్పే అంకెలో నాలుగు ముక్కలు ఉండాలి. ఒకటి, దించి, మోసి, ఎక్కించే కూలి. రెండు, బండి కిరాయి, డీజిల్. మూడు, ఆ సామాను ఆఖరికి చేరే చోట కట్టాల్సిన రుసుము. నాలుగు, అందులో అమ్ముడయ్యేది ఏమైనా ఉంటే ఆ డబ్బు, అది మన బిల్లులోంచి తగ్గాలి. కూలి ప్లస్ బండి ప్లస్ చోటు మైనస్ అమ్మకం. ఇంజనీరింగ్ చదవక్కర్లేదు, ఇంటర్ చాలు.

నేను గత ఏడాది ఇల్లు మారేటప్పుడు ముగ్గురిని అడిగాను. ముగ్గురూ అడిగిన ప్రశ్నలు దాదాపు ఒకటే: ఎన్నో ఫ్లోర్, లిఫ్ట్‌లో పడుతుందా, లిఫ్ట్ వాడనిస్తారా, గేటు లోపలికి బండి వస్తుందా, ఫొటోలు పంపండి. మంచి ప్రశ్నలే. మొదటి రెండు ముక్కలూ వాటిలోంచే తేలతాయి. తర్వాత నేను ఒక ప్రశ్న అడిగాను: "ఎక్కడికి తీసుకెళ్తారు?" ఒకతను "మాకు డంపింగ్ ఉంది సార్" అన్నాడు. ఎక్కడో చెప్పలేదు. ఇంకొకతను "అది మీకెందుకు సార్, మీ ఇంట్లోంచి పోతుంది కదా" అన్నాడు. మూడో అతను ఇదేదో బేరమాడే పద్ధతి అనుకుని 200 తగ్గించాడు.

నాకు ఆ మూడో అతనే ఎక్కువ గుర్తుండిపోయాడు. ఆ ప్రశ్న ఎవరైనా నిజంగా జవాబు కోసం అడుగుతారని అతనికి తోచలేదు. అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు.

జవాబు లేదంటే ఆ మూడో ముక్క విలువ సున్నా అని అర్థం. దాని ఫలితం చాలా సులువుగా ఊహించుకోవచ్చు. డబ్బు ముందే మాట్లాడేసుకున్నాం, సామాను ఎటు పోయిందో చూసేవాడు లేడు, రసీదు లేదు. అలాంటప్పుడు గేటు దాటిన దగ్గర్నుంచీ అతను నడిపే ప్రతి కిలోమీటరూ అతని జేబులోంచి పోయేదే. నగరంలో కూల్చివేత శిథిలాల కోసం జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో రీసైక్లింగ్ ప్లాంట్లున్నాయి. కొండాపూర్‌లో బాత్రూం పగలగొట్టిన టైల్సూ కమోడూ ఎక్కించుకున్న బండి, ట్రాఫిక్‌లో అంత దూరం ఎందుకు పోవాలి? నగర చెత్త చేరే జవహర్‌నగర్ ఇంకా ఆ చివర. దారిలో గోడ లేని ఖాళీ ప్లాట్ ఉంటుంది, నాలా ఒడ్డు ఉంటుంది, దీపాల్లేని చెరువు కట్ట ఉంటుంది. అతను చెడ్డవాడు కావడం వల్ల అక్కడ ఆగడు. మనం రాసుకున్న కాంట్రాక్టే అతన్ని అక్కడ ఆపుతుంది. సాఫ్ట్‌వేర్‌లో అయినా అంతే, ఏది కొలుస్తామో మనుషులు అదే చేస్తారు. మనం కొలిచింది ఒక్కటే, సోఫా హాల్లో ఉందా లేదా అని.

మన పత్రికల్లో చెరువు మీద ఒక్క స్మృతి కవితైనా రాయని కవి అరుదు. నేను వాటిని ఇష్టంగానే చదువుతాను. కానీ చెరువు ఒక్క రాత్రిలో మాయం కాదు. ముందు ఒడ్డున నాలుగు ట్రాలీల శిథిలాలు పడతాయి. వాటిమీద పరుపులు, సోఫాలు. వాటిమీద మట్టి. కొన్నేళ్ళకి ఆ మట్టిమీద నంబరు రాళ్ళు. ఆక్రమణల మీదికి బుల్డోజర్లు పంపడానికి 2024లో హైడ్రా వచ్చింది, అందరం టీవీల్లో చూశాం. ఆ మొదటి నాలుగు ట్రాలీల కిరాయి కట్టిందెవరో ఏ ఛానెలూ చూపించదు. 2020 అక్టోబర్ వానలకి కాలనీలకి కాలనీలే రోజుల తరబడి నీళ్ళల్లో ఉండిపోయాయి. నాలాకి దిగువన ఉండే ఇళ్ళకి మన బిల్లులో రాయని మూడో ముక్క అలా చేరుతుంది. 1,500 మిగిలిందని మనం అనుకున్నాం. మిగల్లేదు, చిరునామా మారిందంతే.

ఇక బేరం సంగతి. 3,000ని 1,500 చేశామంటే ఆ తగ్గింది ఎందులోంచి? డీజిల్ రేటు బంకులో మారదు. చోటు రుసుము ముందే సున్నా. మిగిలింది కూలి ఒక్కటే. ముగ్గురు కూర్చునే సోఫాని నాలుగో అంతస్తు నుంచి మెట్లమీద తిప్పుకుంటూ దించే ఇద్దరు మనుషుల కూలి. లిఫ్ట్‌కి గీతలు పడతాయని అసోసియేషన్ వాళ్ళకి మెట్లే చూపిస్తుంది. మొత్తం ధరలో నిజాయితీగా ఉన్న ముక్క అదొక్కటే, మనం కోసేదీ అదొక్కటే.

"మేం పారెయ్యం, వాచ్‌మన్‌కి ఇచ్చేస్తాం" అనేవాళ్ళుంటారు. మంచం బాగుండి, అతను కావాలంటే ఇవ్వండి, సంతోషం. కానీ గుంట పడిన పరుపు, కాలు విరిగిన సోఫా అతనికి ఇవ్వడం దానం కాదు. సెల్లార్ మూలన అతని గదే చిన్నది. కొన్నాళ్ళకి అది అక్కడా పనికిరాకుండా పోతుంది. అప్పుడు తీసుకెళ్ళమని ట్రాలీ పిలవాల్సింది అతను. మన బిల్లుని అతని పేరుమీదకి మార్చి, దానికి దయ అని పేరు పెట్టుకున్నాం.

ఇంకొందరు మినిమలిస్టులు. వాళ్ళ వ్యాసాలు ఈ మధ్య మన భాషలోనూ వస్తున్నాయి. 2019లో మారీ కోండో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక ఇల్లు ఖాళీ చెయ్యడం ఒక ఆధ్యాత్మిక సాధన అయింది. మనసుకి ఆనందం ఇవ్వని వస్తువుకి థాంక్స్ చెప్పి పంపెయ్యమంటుంది ఆవిడ. బాగుంది. ఎక్కడికి? ఆవిడ ఆ వృత్తి చేసిన టోక్యోలో థాంక్స్ ఒక్కటే సరిపోదు. అక్కడి 23 వార్డుల్లో పెద్ద సామాను పారెయ్యాలంటే ముందు చెప్పి, వస్తువుని బట్టి నిర్ణయించిన రుసుముకి సరిపడా 200, 300 యెన్ల స్టిక్కర్లు కొని, దానికి అంటించి, చెప్పిన రోజు పొద్దున బయట పెట్టాలి. ధర అందరికీ తెలుసు, బేరం లేదు. మన మినిమలిస్టులు పుస్తకం తెచ్చుకున్నారు, స్టిక్కర్ వదిలేశారు.

"ఇదంతా మున్సిపాలిటీ పని, ఇంటి పన్ను కడుతున్నాం కదా" అన్నది వీటన్నిటికంటే బలమైన వాదన. నిజమే. స్వచ్ఛ ఆటో తడి చెత్త, పొడి చెత్త తీసుకుంటుంది కానీ దానిలో మంచం పట్టదు. పెద్ద సామాను కోసం వారం వారం నడిచే, రేటు కార్డు ఉన్న ఏర్పాటు ఉండాలి, దాన్ని అడగాలి. కానీ అడిగేటప్పుడు అది ఉచితంగా కావాలని అడక్కండి. ఉచితం అన్న ప్రతిసారీ ఆ మూడో ముక్క మళ్ళీ చెరువు ఖాతాలోకే పోతుంది.

"రుసుము పెడితే జనం రాత్రిపూట రోడ్డుమీద పడేస్తారు" అన్నది ఇంకో అభ్యంతరం. దీన్ని కొట్టిపారెయ్యలేను. పారేసేటప్పుడు డబ్బడిగితే కొంతమంది ఎగ్గొడతారు, ఏ దేశంలో అయినా. దానికి విరుగుడు డబ్బుని ముందే తీసుకోవడం. కాలిఫోర్నియాలో 2015 చివరి నుంచీ పరుపు కొన్నప్పుడే రీసైక్లింగ్ రుసుము బిల్లులో విడిగా రాసి తీసుకుంటున్నారు. మొదలుపెట్టినప్పుడు అది పరుపుకి 11 డాలర్లు. మన తెలుగువాళ్ళు అక్కడ వేల మంది ఆ రుసుము కట్టే ఉంటారు, హైదరాబాద్ వచ్చి ఫ్లాట్ ఖాళీ చేసేటప్పుడు మాత్రం తక్కువకి వచ్చేవాడి నంబర్ అడుగుతారు. ఇక ఇంగ్లండ్‌లో అయితే ఇంకో అడుగు ముందుకేశారు. లైసెన్స్ లేనివాడికి తుక్కు ఇచ్చి, అతను దాన్ని ఎక్కడో పడేస్తే, ఇచ్చిన ఇంటివాళ్ళకీ జరిమానా పడొచ్చు. "మీ ఇంట్లోంచి పోతుంది కదా" అనే మాట అక్కడ చెల్లదు.

మన దగ్గర ఈ ఆలోచనే లేదనుకోకండి. ఎలక్ట్రానిక్ వస్తువుల రీసైక్లింగ్ బాధ్యత తయారుచేసేవాళ్ళదేనని 2022 నిబంధనలు చెప్తున్నాయి. రీసైక్లర్లకి కంపెనీలు కిలోకి కనీసం 22 రూపాయలు ఇవ్వాలని కేంద్రం అంటే, పెద్ద పెద్ద కంపెనీలు కోర్టుకెళ్ళాయి. మూడో ముక్కకి ఒక అంకె వెయ్యగానే ఎవరికి నొప్పి పుడుతుందో దాంతో తెలుస్తుంది. ఫ్రిజ్ గురించి ఆ గొడవైనా మొదలైంది. సోఫా గురించి, పరుపు గురించి అది కూడా లేదు. ఆన్‌లైన్‌లో పరుపు అమ్మేవాళ్ళు వంద రాత్రులు పడుకుని చూడమంటారు, పదేళ్ళ వారంటీ అంటారు. పదకొండో ఏడు గురించి ఎవరూ మాట్లాడరు.

చట్టం వచ్చేదాకా మన చేతిలో ఏమీ లేదా అంటే ఉంది. మూడు వందల ఫ్లాట్లున్న అసోసియేషన్, జిమ్ టైమింగుల మీద గంటసేపు మీటింగ్ పెట్టగలిగింది, తుక్కు తీసుకెళ్ళేవాళ్ళతో ఒక ఒప్పందం చేసుకోలేదా? వస్తువుల వారీగా రేటు కార్డు, లిఫ్ట్ వాడుకునే హక్కు, కూలి ఎంతో విడిగా, సామాను అప్పగించిన చోట తీసుకున్న రసీదు. ఆ రసీదు వచ్చాకే మిగతా సగం డబ్బు. ఇందులో ఏదీ కష్టం కాదు, కాస్త ఖరీదు ఎక్కువ.

కాబట్టి ఈసారి గ్రూపులో ఎవరైనా తక్కువకి వచ్చేవాడి నంబర్ అడిగితే, నంబర్ పెట్టేముందు అతనికి ఫోన్ చేసి "ఎక్కడ దింపుతావు అన్నా?" అని అడగండి. చోటు పేరు చెప్పి, రసీదు తెస్తానన్నవాడు 3,000 అడిగితే బేరమాడకుండా ఇవ్వండి.