క్లచ్‌లోని సన్నని సవ్వడి

గత సంచికలో బ్యాటరీ సంరక్షణను గురించి ముచ్చటించుకున్నాం. ఈ నెల టైర్ల గాలిని గురించి వ్రాయవలెనని అనుకుంటూండగా, కుటుంబ కార్యం మీద సాక్చి వెళ్ళవలసి వచ్చినది. అక్కడ మా అక్కయ్యగారి ఇంట నాలుగు రోజులలో జరిగిన సంగతి మన శీర్షికకు మరింత తగినదిగా తోచినందున, టైర్లను తరువాతి సంచికకు వాయిదా వేసి దీనిని మీ ముందు ఉంచుతున్నాను.

పారిశ్రామిక రంగంలో పనిచేసేవారికి సాక్చి పేరు కొత్త కాదు. 1907లో ఏర్పడిన టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ తన కర్మాగారానికి ఎన్నుకున్నది సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమానికి చేరువలోనున్న ఈ గ్రామాన్నే. 1908లో నిర్మాణం ఆరంభమై, 1912లో మొదటి ఉక్కు దిమ్మె వెలువడినది. 1919లో అప్పటి వైస్రాయి లార్డ్ చెమ్స్‌ఫర్డ్, జంషెడ్‌జీ టాటా స్మారకార్థం ఊరికి జంషెడ్‌పూర్ అని నామకరణం చేయగా, సాక్చి అన్నది నగరంలోని ఒక పేటకు పేరుగా నిలిచినది. ఉత్తరాంధ్ర జిల్లాల నుండి పనికై తరలివెళ్ళిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా అక్కడ నివసిస్తున్నవి. మా బావగారి కుటుంబం అట్టివానిలో ఒకటి.

బావగారు ఒక ఫోర్జింగు షాపులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. సమ్మెట దెబ్బల మధ్య గడిచిన ఆ సంవత్సరాలు ఆయన చెవులను కొంత తినివేసినవి. ఇంట్లో టెలివిజను గట్టిగా పెట్టుకుంటారు. మనుమరాలు సన్నని గొంతుతో పిలిస్తే పలుకరు. అట్టి ఆయన, తన పదేళ్ళనాటి చిన్న కారులో ఏదో శబ్దం వస్తున్నదని రెండు నెలలుగా చెబుతున్నారు. ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

"నేను పక్క గదిలోంచి పిలిస్తే వినిపించదు గానీ, మీ బావగారికి కారు కడుపులో మాట మాత్రం వినిపిస్తుందిరా" అని అక్కయ్య నవ్వినది. ఆయన నవ్వలేదు.

విషయం నవ్వులాటతో పోయేది కాదు. మనుమరాలి కళాశాల ప్రవేశం నిమిత్తం వారం రోజులలో రాంచీ వెళ్ళవలసి ఉన్నది. దూరం సుమారు 130 కిలోమీటర్లు, దారిలో తైమారా ఘాట్ ఎక్కవలెను. చివరకు బావగారు కారును ఒక గ్యారేజీకి తీసుకువెళ్ళారు. అక్కడి మిస్త్రీ ఇంజను ఆన్ చేయించి విని, క్లచ్ తొక్కించి విని, "గేరుబాక్సు లోపలి బేరింగు పోయింది, మొత్తం విప్పి బేరింగులు, గేర్లు మార్చాలి" అని అంచనా వ్రాసి ఇచ్చాడు. ఆ మొత్తం ఇంచుమించు మనుమరాలి మొదటి సంవత్సరం ఫీజుకై తీసి ఉంచినంత ఉన్నది. ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని బావగారు నా రాక కోసం ఎదురుచూస్తున్నారు.

ఇక్కడ కాస్త ఆగి, క్లచ్ పనితీరును జ్ఞాపకం చేసుకుందాం. ఇంజను క్రాంకు షాఫ్టుకు బిగించిన ఫ్లైవీలు ఇంజను నడుస్తున్నంతసేపూ తిరుగుతుంది. దానికి ప్రెషర్ ప్లేటు బిగించబడి ఉంటుంది. ఈ రెండింటి నడుమ రాపిడి పూత కలిగిన క్లచ్ ప్లేటు ఉంటుంది. దాని మధ్యభాగం గేరుబాక్సులోనికి పోయే ఇన్‌పుట్ షాఫ్టు పళ్ళ మీద కూర్చుని ఉంటుంది. పెడలు పైన ఉన్నప్పుడు డయాఫ్రం స్ప్రింగు బలంతో ఈ మూడూ ఒక్కటై తిరుగుతాయి. పెడలు తొక్కినప్పుడు ఫోర్కు ద్వారా రిలీజ్ బేరింగు ముందుకు జరిగి, స్ప్రింగు వేళ్ళను నొక్కుతుంది. పట్టు సడలి, క్లచ్ ప్లేటూ, ఇన్‌పుట్ షాఫ్టూ ఆగిపోతాయి.

శబ్ద నిర్ధారణకు కావలసిన సూత్రం ఈ కొద్ది మాటలలోనే ఉన్నది. ఏ స్థితిలో ఏ భాగం తిరుగుతున్నది, ఏ భాగం ఆగి ఉన్నది, దేనిపై భారం పడుతున్నది అన్నది తెలిస్తే, శబ్దం పుట్టిన చోటు దానంతట అదే బయటపడుతుంది.

మొదటి పరీక్ష ఇంజను ఆపి చేయవలెను. పెడలును నెమ్మదిగా తొక్కి వదలండి. అప్పుడే కిర్రుమంటే దోషం పెడలు బుష్షులోనో, తీగలోనో, ఫోర్కు ఆనిన చోటనో ఉన్నదని అర్థం. కొద్దిపాటి గ్రీజుతో తీరవచ్చు.

రెండవది, ఇంజను నడుస్తూ, గేరు న్యూట్రల్‌లో ఉండి, పెడలు పైన ఉన్న స్థితి. ఇప్పుడు ఇన్‌పుట్ షాఫ్టు తిరుగుతున్నది. ఈ స్థితిలో వినిపించే శబ్దం పెడలు పూర్తిగా తొక్కగానే మాయమైతే, అది ఇన్‌పుట్ షాఫ్టు బేరింగుదైనా కావచ్చు, లేక భారం లేక ఊరకే తిరిగే గేర్ల పళ్ళు ఒకదానినొకటి తట్టుకునే గలగల అయినా కావచ్చు. ఇంజను ప్రతి పేలుడుకూ ఒక చిన్న కుదుపు ఇస్తుంది. మెల్లగా నడిచేటప్పుడు ఆ కుదుపులు పళ్ళను కదిలిస్తాయి. రెండింటినీ వేరు చేయడం కష్టం కాదు. ఆక్సిలరేటరు కొద్దిగా తొక్కి ఇంజను వేగం పెంచితే గలగల అణగిపోతుంది. బేరింగు దోషమైతే అణగదు సరికదా, వేగంతోపాటు స్వరం పెరుగుతుంది. దారిలో కూడా గేర్లలో వెన్నంటి వస్తుంది.

మూడవది, పెడలును మొదట వేలి బరువుతో, తరువాత క్రమంగా పూర్తిగా తొక్కడం. ఖాళీ నడక ముగిసి బరువు తగలగానే గరగర మొదలై, తొక్కినకొద్దీ హెచ్చితే అది రిలీజ్ బేరింగు. అయితే హైడ్రాలిక్ క్లచ్ గల అనేక కార్లలో ఈ బేరింగు స్ప్రింగు వేళ్ళను ఎల్లప్పుడూ తాకుతూనే ఉంటుంది. వాటిలో పెడలు పైన ఉన్నప్పుడు చిరుసవ్వడి వచ్చి, కాలు ఆనించగానే ఆగిపోయినా అనుమానించవలసినది ఆ బేరింగునే. కావున మీ కారు ఏ రకమో ముందుగా తెలుసుకోండి.

నాలుగవది, క్రాంకు షాఫ్టు చివర ఉండే పైలట్ బేరింగు. పెడలు పూర్తిగా తొక్కి, బండి గేరులో ఆగి ఉన్నప్పుడు మాత్రమే ఇది తన పని తాను చేస్తుంది. అప్పుడే దీని శబ్దం వినిపిస్తుంది. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో చాలావాటికి ఇది ఉండదు.

ఇక సాక్చికి తిరిగి వద్దాం. మరునాటి ఉదయం వీధిలో కారు నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు చెక్కదుంగలు అడ్డుపెట్టి పరీక్ష మొదలుపెట్టాను. ఇంజను ఆపి తొక్కితే పెడలు నిశ్శబ్దం. ఇంజను నడిపి న్యూట్రల్‌లో ఉంచితే సన్నని గలగల. మనుమరాలు కూడా విన్నది. క్లచ్ తొక్కగానే ఆగిపోయినది. నేను తల పంకించి, "మిస్త్రీ చెప్పినది సబబుగానే ఉన్నది, బావగారూ" అన్నాను.

ఆయన నా వంక కొంతసేపు చూసి, "నేను చెప్పే శబ్దం అది కాదయ్యా. అది నాకు వినిపించనే వినిపించదు. నాది కాళ్ళలో వినిపిస్తుంది. చెప్పులు విప్పి తొక్కి చూడు" అన్నారు.

నిజం చెప్పవలెనంటే నాకు సిగ్గు కలిగినది. యంత్రాన్ని దినదినం నడిపేవాని మాట ముందుగా పూర్తిగా వినవలెనన్నది మా షాపులో కొత్తవారికి నేనే బోధించే పాఠం. ఇక్కడ నేను ఆ పాఠాన్ని పాటించలేదు. చెప్పులు విప్పి, ఉత్త కాలితో పెడలును మెల్లగా తొక్కాను. ఖాళీ నడక అన్నది దాదాపు లేదు. బరువు తగిలిన మరుక్షణం అరికాలికి, తిరగలి తిరుగుతున్నట్లు, ఒక గరగర తగిలినది. తొక్కినకొద్దీ పెరిగినది. ఇంజను వేగం హెచ్చిస్తే హెచ్చినది. కాలు తీస్తే పోయినది. చెవికి అది ఎంతో సన్నగా మాత్రమే తెలుస్తున్నది. గలగల ఆగిపోగానే అందరూ శబ్దం పోయిందనుకుని వినడం మానివేసినారు. ఈ రెండవది మొదలయ్యేది సరిగ్గా అప్పుడే.

తరువాత మొదటి శబ్దాన్ని మళ్ళీ పరీక్షించాను. వేగం కొద్దిగా పెంచగానే గలగల అణగిపోయినది. జూబిలీ పార్కు వైపు కారు నడిపి చూశాను. ఏ గేరులోనూ ఊళ లేదు. కావున గేరుబాక్సు నిర్దోషి. దోషి రిలీజ్ బేరింగు.

వినికిడి తగ్గిన మనిషికి ఇది ముందుగా తెలియడంలో వింత లేదు. కర్మాగారాల రొదవల్ల కలిగే చెవి దోషం మొట్టమొదట 4000 హెర్ట్జ్ పరిసరాల్లోని సన్నని స్వరాలను హరిస్తుంది. గేర్ల గలగల, మనుమరాలి గొంతులోని పదును ఆ కోవకు చెందినవి. అరిగిన బేరింగు గరగర మందమైనది. పైగా అది ఫోర్కు, తీగ, పెడలుల గుండా నేరుగా పాదానికి అందుతుంది. బావగారిని మోసగించినది ఆయన చెవి కాదు. మమ్మల్నే మా చెవులు మోసగించినవి.

అయితే బేరింగు ఎందుకు చెడినది? క్లచ్ ప్లేటు పూత అరిగినకొద్దీ ప్రెషర్ ప్లేటు ఫ్లైవీలు వైపు జరుగుతుంది. దాని స్ప్రింగు వేళ్ళు వెనుకకు, బేరింగు వైపు వస్తాయి. తీగతో పనిచేసే క్లచ్‌లో దీనివల్ల పెడలు ఖాళీ నడక తగ్గుతూ వస్తుంది. అప్పుడప్పుడూ తీగను సరిచేయకపోతే బేరింగుకు విశ్రాంతి అన్నది ఉండదు. పెడలు పైన ఉన్నా అది తిరుగుతూనే ఉంటుంది. దీనికి తోడు అలవాటు ఒకటి.

"బావగారూ, మాంగో వంతెన మీద బళ్ళు నిలిచిపోయినప్పుడు ఏం చేస్తారు?" అని అడిగాను.

"క్లచ్ తొక్కిపట్టి, మొదటి గేరులో సిద్ధంగా ఉంటాను. ఎప్పుడు కదులుతుందో తెలియదు కదా" అన్నారు. అని, తానే నవ్వేశారు.

ఆ సాయంత్రం ఇద్దరమూ మరొక మిస్త్రీ వద్దకు వెళ్ళాం. బేరింగు మార్చడానికి కూడా గేరుబాక్సును దింపక తప్పదు. కానీ దింపడం వేరు, విప్పడం వేరు. దింపిన తరువాత చూసి, అవసరమైతేనే విప్పవలెనని ముందుగానే మాట తీసుకున్నాం. మరునాడు దింపి చూస్తే, రిలీజ్ బేరింగును చేతితో తిప్పితే ఇసుక పోసినట్లు గరగరలాడినది. లోపలి గ్రీజు ఎండిపోయినది. క్లచ్ ప్లేటు పూత రివెట్ల దాకా వచ్చినది. గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు మాత్రం నున్నగా, అదురు లేకుండా తిరిగినది. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ కలిపి మార్పించాం. మళ్ళీ దింపే కూలి దండుగ కాకుండా ఇట్లు ఒకేసారి మార్చడమే లాభం. అయిన ఖర్చు మొదటి చీటీలోని మొత్తంలో సగానికి లోపే. ఘాట్ ఎక్కుతూండగా ఆ ప్లేటు జారి ఉంటే ఏమయ్యేదో బావగారికీ నాకూ తెలుసు. అక్కయ్యకు చెప్పలేదు.

ఈ పరీక్షలు చేయదలచిన పాఠకులు కొన్ని జాగ్రత్తలు పాటించవలెను. మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు రంగు, వాసన లేని విషం. బానెట్ ఎత్తినప్పుడు చీరచెంగులు, వదులు చొక్కాలు బెల్టుకూ, ఫ్యానుకూ దూరంగా ఉంచండి. పాత క్లచ్ పూతలలో ఆస్బెస్టాస్ ఉండేది. కావున ఆ దుమ్మును ఎన్నడూ గాలితో ఊదనీయకండి, తడిగుడ్డతో తుడిపించండి. రిలీజ్ బేరింగు గ్రీజు నింపి మూసినది. దానిని పెట్రోలులోనో కిరోసిన్‌లోనో కడిగితే గ్రీజు పోయి త్వరగా చెడుతుంది. బండి ఆగినచోట న్యూట్రల్ చేసి కాలు తీయండి. నడిచేటప్పుడు క్లచ్ మీద కాలు ఆనించి ఉంచకండి. రొద గల షాపులలో పనిచేసే సోదరులు చెవి రక్షణలను బరువనుకోకుండా ధరించండి. బేరింగును మార్చవచ్చు, చెవిని మార్చలేం.

నేను తిరుగు రైలెక్కిన మూడవ నాడు రాంచీ నుండి బావగారు ఫోను చేశారు. ప్రవేశం పూర్తయిందట, ఫీజు కట్టారట. "ఘాట్‌లో కాలికి ఏమీ తెలియలేదయ్యా" అన్నారు. వెనుకనుండి అక్కయ్య ఏదో అన్నది. ఆయనకు వినిపించలేదు. నాకు వినిపించినది. "ఇకమీద మీ మాటే వింటాం లెండి" అన్నది ఆమె. ఆ మాటను నేనే బిగ్గరగా బావగారికి అందించాను.

వచ్చే సంచికలో టైర్ల గాలిని గురించి.