నల్లమలలో ఆ సలహా చెల్లదు

సంపాదకులకు:

దారిలో వాహనము చెడినవారు జాతీయ రహదారుల హెల్ప్‌లైను 1033కు ఫోను చేసిన చాలుననియు, ఇంటివారిని శ్రమపెట్టుట చాదస్తమనియు మీ వ్యాసకర్త వ్రాసినది నల్లమల దారికి ఎంతమాత్రమును వర్తింపదు. అమ్రాబాదు పులుల అభయారణ్యమున పెక్కుచోట్ల సిగ్నలే అందదు. ఆ దారిలోని మన్ననూరు గేటు రాత్రి 9 గంటలకు మూసినచో ఉదయము 6 వరకు తెరువరు. శ్రీశైలమునుండి తిరిగివచ్చుచు, వటవర్లపల్లి సమీపమున ఫ్యానుబెల్టు తెగి, బానెట్టు క్రిందనుండి ఆవిరి చిమ్ముచుండగా, పసిబిడ్డను ఎత్తుకొని మునిమాపువేళ నిలిచియున్న నాకడకు అచ్చంపేటనుండి మెకానిక్కును వెంటబెట్టుకొని వచ్చినది మా అన్నయ్య. ఆయనను ఎవరును పిలువలేదు. చెప్పిన వేళకు మేము చేరలేదన్న ఆందోళనయే ఆయనను, గేటు మూయకమునుపే, బయలుదేరదీసినది. ఫోను అందనిదే కదలని హెల్ప్‌లైను ఈ పని ఎట్లు చేయగలదు? అడవిదారి పట్టువారు తాము చేరు వేళను ఇంట చెప్పియే బయలుదేరవలెనని దయచేసి సవరణ ప్రకటింపుడు.

— ఒక పాఠకురాలు, అచ్చంపేట